తడిక వెనక బచ్చలి

పోయిన ఎండాకాలం మా అత్తమ్మ మహబూబీ మా పాపని ముట్టుకోకుండా దూరదూరంగా తిరుగుతుంటే, తిరువూరులో మా వీధి వీధంతా నన్ను ఆడిపోసుకుంది. కోడలు పిల్లని దగ్గరికి రానివ్వడం లేదట, పెద్దామెని వరండాలో పడేసిందట, ఎంత రాతిగుండెదో అని. వెనక అనుకునేవాళ్ళని ఏం చేయగలను? ఎదురింటి గ్లోరి మాత్రం మొహం మీదే అడిగింది, అందుకు ఆమెని మెచ్చుకోవాలి.

"ఏంటి ఇర్ఫానా, ఆమె బయట, మీరు లోపల. ఏమన్నా గొడవా?"

"గొడవా లేదు, గోంగూరా లేదు. విజయవాడలో మందు ఇచ్చారు. కొన్నాళ్ళు చిన్నపిల్లలకి దూరంగా ఉండమన్నారు."

"దూరంగా ఉండే రోగమేంటే? అంటుకుంటుందా?"

"రోగం అంటుకోదు. మందు అంటుకుంటుందంట."

గ్లోరి నన్ను ఎగాదిగా చూసింది. నేను చెప్పింది నాకే నమ్మశక్యంగా లేదు, ఇక ఆమెని ఏం అంటాను.

అత్తమ్మకి గొంతులో థైరాయిడ్ అదుపు తప్పింది. ఆర్నెల్లుగా ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ చీర మీదే. గుండె దడదడలాడుతోందని అర్ధాంతరంగా కూలబడిపోయేది. మాత్రలతో లాభం లేదని చివరికి రేడియో అయోడిన్ అనే మందు మింగించారు. మా ఆయన సైఫుల్లా వెంట వెళ్ళాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ ఆ సంగతి వరండాలో కూర్చుని కిటికీలోంచి నాకు చెప్పి ఒకటే నవ్వు.

"సీసపు డబ్బాలోంచి తీసిందమ్మా ఆ నర్సు. తీసి నా చేతిలో పెట్టి తను అంత దూరం పోయి నిలబడింది. అంత భయపడేదాన్ని నా చేత మింగించారే, యా అల్లా!"

నవ్వింది గానీ వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో కొడుకు పక్కన కూర్చోలేదు. వెనక ఖాళీ మామిడికాయల ట్రేల మధ్య, ఆ మండుటెండలో, నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుంది. ముందుకు రా అమ్మీ అని ఈయన ఎంత బతిమాలినా, "నీకింకా పిల్లలు పుట్టాలి, నోరు మూసుకుని నడుపు" అందట.

ఆసుపత్రిలో చెప్పినవన్నీ ఆమెకి నోటికి వచ్చేశాయి. కంచం వేరు, గ్లాసు వేరు, పక్క వేరు. బట్టలు విడిగా ఉతుక్కోవాలి. లెట్రిన్ వేరేది వాడాలి. మూడు వారాల పాటు పిల్లని ఎత్తుకోకూడదు. అన్నిటికీ బుద్ధిగా తలూపిందట, ఈ చివరిదానికి మాత్రం నర్సు చెయ్యి పట్టుకోబోయి, ఆ అమ్మాయి వెనక్కి జరిగితే గుర్తొచ్చి చెయ్యి తీసుకుందట.

మా పాప పేరు జునైరా. మేం జున్ను అంటాం. అప్పటికి ఏడాది నిండి, గోడ పట్టుకుని నిలబడుతోంది. పుట్టిన మూడో నెల నించీ అది పడుకుంది వాళ్ళ దాదీ పక్కలోనే. దాన్ని ముట్టుకోవద్దంటే ఆమెకి ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆ సాయంత్రమే సుద్దముక్క తీసుకుని గడపకి ఇవతల వరండాలో అడ్డంగా గీత గీసింది.

"ఇర్ఫానా, ఈ గీత దాటనివ్వకు. నేను మర్చిపోయి చేతులు చాచినా సరే, నువ్వు అరువు."

నేను అరవాల్సిన పని ఎప్పుడూ పడలేదు. జున్ను పాక్కుంటూ గీత దాకా వస్తే అత్తమ్మే వెనక్కి, వెనక్కి జరిగి గోడకి ఆనుకుపోయేది. అది దాదీ, దాదీ అని ఏడుస్తుంటే ఇక్కడ ఈమె కొంగు నోట్లో కుక్కుకునేది. నేనైతే అలా ఉండలేను. చూసి చూసి, నేనే పిల్లని చంకనేసుకుని లోపలికి పోయి పని కల్పించుకునేదాన్ని.

ఇక లెట్రిన్ సంగతి. వేరేది వాడమన్నారు, సరే. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కదా! అందరం పోయేది అందులోకే, పాప ముడ్డి కడిగేది అక్కడే. అత్తమ్మ ఒక పూటంతా ఆలోచించి తనే తేల్చేసింది. రెండోదానికి ఎలాగూ తప్పదు కాబట్టి అక్కడికే వెళ్ళి బకెట్లకి బకెట్లు గుమ్మరించి వచ్చేది. ఒకటికి మాత్రం పెరట్లో తడిక వెనక స్నానం చేసేచోటికి వెళ్ళేది. రెండు నాపరాళ్ళు, మూడు వైపులా తాటాకు తడిక. మా మామయ్య మొహిద్దీన్ గారు బతికుండగా ఆమె కోసం కట్టింది. అక్కడే స్నానం, అక్కడే తన బట్టలు, అక్కడే తన కంచం. మా వాడకంలోకి తన చుక్క నీరు కూడా రానివ్వలేదు. ఎంత పద్ధతైన మనిషి అని నాలో నేనే మెచ్చుకున్నాను.

ఆ నీళ్ళు పోయేది బచ్చలి పాదులోకి. అదీ మామయ్య చేసిందే. నాపరాళ్ళ కింద నించి చిన్న కాలవ తీసి, బచ్చలి పందిరికి, పక్కనున్న చేమ మొక్కలకి, అరటి పిలకలకి మళ్ళించారు. నీళ్ళు ఊరికే వీధిలోకి ఎందుకు పోవాలని. మా వైపు ఇళ్ళన్నిట్లోనూ అంతే, తడిక వెనక ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది.

ఆ ఏడు ఎండలు అలా ఇలా కాదు. మే నెలలో గడ్డిపోచ లేదు ఎక్కడా. మా మేక చిట్టికి మామూలుగా సైఫుల్లా దారిలో సుబాబుల్ కొమ్మలు కొట్టుకొచ్చేవాడు. మామిడికాయల సీజన్ కదా, తెల్లారకముందే వినగడప తోటల్లోనో నెమలి ఊరి తోటల్లోనో లోడు ఎత్తుకుని మార్కెట్టుకి పోయేవాడు, మళ్ళీ ఎప్పటికో కొంపకి చేరేవాడు. కొమ్మలు కొట్టే ఓపిక ఎక్కడిది? చిట్టి మాకు ఊరికే ఉన్న మేక కాదు. నాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోతే, గేదెపాలు పడితే పిల్ల కక్కేస్తుంటే, అత్తమ్మ పెనుగొలను పోయి తోలుకొచ్చింది దాన్ని. జున్ను దాని పాల మీదే పెరిగింది.

"పిల్లని ఎత్తుకునే రాత ఎలాగూ లేదు, పిల్ల తాగే పాలైనా చూసుకోనీ" అని అత్తమ్మ మేక పని మీదేసుకుంది. పొద్దున్నే కత్తిపీట తీసుకుని తడిక వెనక ఉన్న ఆకంతా కోసేది. బచ్చలి తీగలు, చేమాకులు, అరటాకులు. చిట్టి నోరారా తినేది. ఆమె కోసిన బచ్చలిలోంచే నేను కూడా రెండుసార్లు పప్పులో వేశాను. పాలు పితకడానికి మాత్రం నన్నే పిలిచేది.

"నా చెయ్యి తగిలితే పాలకి అంటుకుంటుందేమో. నువ్వే పితుకమ్మా."

వారం తిరిగేసరికి చిట్టి పాలు గిన్నె నిండా వచ్చేవి. "చూశావా, నా బచ్చలి మహిమ" అని అత్తమ్మ గీత అవతల నించి మురిసిపోయేది. జున్ను గడగడా తాగి మూతి తుడుచుకునేది కాదు. ఆ తెల్లటి మూతి ఆమెకి చూపించి లోపలికి తీసుకెళ్ళేదాన్ని.

రెండో వారంలో అత్తమ్మకి గొంతు నొప్పి పట్టుకుంది. మింగితే నొప్పి, తల తిప్పితే నొప్పి. మందు పని చేస్తున్నప్పుడు అలా వస్తుందని, ఒకసారి తీసుకురమ్మని ఫోన్లో చెప్పారు. ఆ రోజు గ్లోరి ఊళ్ళో లేదు. పాపని వదలడానికి దిక్కులేక చంకనేసుకుని నేనూ వెళ్ళాను. అత్తమ్మ ఎప్పటిలాగే వెనక ట్రేల మధ్య కూర్చుంది.

డాక్టర్ ప్రేమ్ కిరణ్ గారు కుర్రాడే, నెమ్మదస్తుడు. "పిల్లని లోపలికి తేకండమ్మా, తలుపు దగ్గరే ఉండండి" అన్నారు. చేతిలో ఒక పెట్టె, దానికి తీగ, తీగ చివర గొట్టంలాంటిది. దాన్ని అత్తమ్మ గొంతు దగ్గర పెడితే టకటకటకమని ఒకటే మోత.

"నాలో గడియారం పెట్టారా ఏంటి సార్?" అందామె.

"మందు ఉండాల్సిన చోటే ఉందమ్మా. భయం లేదు" అని ఆయన నవ్వి, నొప్పికి మాత్రలు ఎలా వెయ్యాలో నాకు చెప్పడానికి తలుపు దగ్గరికి వచ్చారు. పెట్టె చేతిలోనే ఉంది. ఆపలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి అది మళ్ళీ మోగింది.

అంత గట్టిగా కాదు. టక్, టక్‌టక్, టక్. ఆయన మాట మధ్యలో ఆపేశారు. పెట్టె తీసుకుని గోడ దగ్గరికి వెళ్తే అది ఊరుకుంది. తిరిగి వస్తే మోగింది. పాప గౌను తీయించి, చేతులు తుడిపించి మళ్ళీ పెట్టారు. పొట్ట దగ్గర ఏమీ లేదు. గొంతు దగ్గర మోగింది. జున్ను ఆ గొట్టాన్ని పట్టుకోబోయి కిలకిలా నవ్వింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారాయన అత్తమ్మతో. ఆమె లేచి, పాపకి తగలకుండా కొంగు దగ్గరికి లాక్కుని, మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఏమైందని అడగలేదు.

"ఆవిడ పాపని ఎత్తుకుంటున్నారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఒక్కసారి కూడా లేదండీ. గీత గీసుకుని కూర్చుంది మా అత్తమ్మ. పిల్ల ఏడుస్తుంటే ఆవిడా ఏడ్చింది తప్ప చిటికెన వేలు తగలనివ్వలేదు."

"కోప్పడకండి. తెలుసుకోవాలి కదా. పాప ఏం తాగుతుంది?"

"మేకపాలు."

"మేక మీదేనా? ఎవరు పితుకుతారు?"

"నేనే. ఆమె చెయ్యి తగలకూడదని."

"దానికి మేత ఏం పెడతారు?"

"బచ్చలాకు, చేమాకు. మా పెరట్లోవే."

"ఈ ఎండల్లో వాటికి నీళ్ళెక్కడివి?"

నాపరాళ్ళు, కాలవ, పందిరి, కత్తిపీట, చిట్టి, గిన్నె, జున్ను తెల్లమూతి, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకు వచ్చాయి. "మా అత్తమ్మ స్నానం నీళ్ళు" అన్నాను.

మిగతాది డాక్టర్ గారికి నేను చెప్పకుండానే అర్థమైంది. "మందు లోపల మిగలంది యూరిన్‌లో పోతుందమ్మా, చెమటలో పోతుంది. మొక్కకి ఇది మందని తెలీదు. నీళ్ళతో పాటు వేరు కొంత తాగుతుంది, ఆకు మీద చిమ్మింది ఆకు పట్టుకుంటుంది. మేక అంత ఆకూ తిని పాలలోకి దించుతుంది. ఆవు కంటే మేకే ఎక్కువ దించుతుంది. ఆ పాలలోంచి పాప గొంతులోకి. పిల్లల గొంతు చాలా చిన్నది కదా, కొంచెమైనా దానికి ఎక్కువే."

నా గొంతు దగ్గరా పెట్టి చూశారు. ఎక్కడో ఒకటీ అరా పలికింది. అది నా బచ్చలిపప్పు. దాని గురించి నాకు ఏ దిగులూ కలగలేదు.

"ఇప్పుడు పిల్లకి ఏమవుతుంది సార్?"

"ఆ పాలు ఇవాళ్టితో ఆపెయ్యండి. ఆ ఆకు ఎవరూ తినొద్దు, మేక అసలు అటు పోకూడదు. పీకొద్దు, తగలబెట్టొద్దు, అలా వదిలెయ్యండి. ఈ మందు ఎనిమిది రోజులకోసారి సగం అయిపోతూ ఉంటుంది. వానలు అయ్యేసరికి అక్కడ ఏమీ ఉండదు."

"మొక్క సంగతి కాదు సార్. పిల్ల."

"ఏటా రక్తం పరీక్ష చేయించాలి. గొంతు చూపించాలి. ఎక్కువమందికి ఏమీ కాదమ్మా."

"ఎక్కువమందికి అంటే?"

ఆయన పెట్టె మీటని అటూ ఇటూ తిప్పారు. "చూస్తూ ఉండాలి" అన్నారు. మళ్ళీ ఆయనే, "లెట్రిన్ వేరేది వాడమని చెప్పాం. వేరేది లేకపోతే ఏం చేస్తారని మేం అడగలేదు. అడగాల్సింది" అన్నారు. ఆ మాటకి ఆయన్ని కొట్టాలనిపించింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు.

బయటికొచ్చి సైఫుల్లాని పక్కకి పిలిచి చెప్పాను. ఆటో స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"అమ్మీకి చెప్పొద్దు ఇర్ఫానా. తెలిస్తే బతకదు."

"మీ అమ్మ గురించి సరే. నా పిల్ల?"

"తెలిసి చేసిందా?"

"తెలిసి చేస్తే ఒక తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని. తెలియక చేసింది కాబట్టే ఎవర్ని తిట్టాలో తెలియక చస్తున్నా."

అత్తమ్మకి ఇద్దరం అబద్ధం చెప్పాం. మేకపాలు కఫం చేస్తున్నాయట, కొన్నాళ్ళు ఆపమన్నారట అని. ఆమె సరే అంది.

ప్యాకెట్ పాలు జున్నుకి పడలేదు. పట్టింది పట్టినట్టు కక్కేది. కక్కినప్పుడల్లా నా వేళ్ళు దాని గొంతు మీదికి పోయేవి. కడుపు మాడి అది ఏడుస్తుంటే అవతల చిట్టి పొదుగు బరువై అరిచేది. ఆ రెండు అరుపుల మధ్య నాకు పిచ్చెక్కినట్టయింది. మూడో రోజు పొద్దున ఇక తట్టుకోలేక వినగడపలో మా పుట్టింటికి పోదామని బ్యాగు సర్దుకున్నాను. వెళ్ళేముందు ఆమెకి చెప్పేసి వెళ్ళాలి. సైఫుల్లా ఏమనుకుంటే అనుకోనీ. నీ బచ్చలి మహిమ చూశావా అని అడిగేసి వెళ్ళాలి. ఆ మాట నాలుక చివర పెట్టుకుని, ఆరేసిన పాప బట్టలు తీసుకొచ్చే నెపంతో పెరట్లోకి నడిచాను.

స్నానం చేసేచోట తడిక లేదు. నాపరాళ్ళు బట్టబయలుగా ఉన్నాయి. మూడు తడికలూ పీకి, బచ్చలి పందిరి చుట్టూ, చేమ, అరటి చుట్టూ నిలబెట్టి కట్టింది అత్తమ్మ. మేక మూతి దూరే సందు కూడా లేకుండా కొబ్బరితాడుతో మెలికల మీద మెలికలు వేసింది. చిట్టిని ఎక్కడో అవతల గోడ దగ్గర కట్టేసి, దాని ముందు కూర్చుని పాలు పితుకుతోంది. గిన్నెలోకి కాదు, లెట్రిన్లో గుమ్మరించడానికి తను వాడే బకెట్లోకి.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. "నాకు గొంతు నొప్పి గానీ చెవులు బాగానే ఉన్నాయి ఇర్ఫానా. ఆ పెట్టె నా పిల్ల దగ్గర మోగింది. నన్ను బయట కూర్చోబెట్టారుగా, ఆ బల్ల మీద కూర్చుని ఆలోచించా. నేను ముట్టుకోలేదు. మరి నాది ఏది ముట్టుకుంది? ఒక్కోటీ వెనక్కి నడుచుకుంటూ పోయా. పాల దగ్గరికి వచ్చేసరికి నా మీద ఇల్లు కూలినట్టయింది."

"అప్పటినించీ..."

"మీరు కఫం అన్నారు. సరే అన్నా." ఇప్పుడు తిరిగింది నా వైపు. ఆ ముఖం చూడలేకపోయాను. "నన్ను తిట్టమ్మా. వాడు వద్దన్నాడని ఆగుతున్నావు. నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరాడట్లేదు."

నేను పెట్టుకొచ్చిన మాట నాలుక చివరే ఉంది. కొట్టినట్టు అనేయొచ్చు. ఆమె దానికోసమే ముఖం ఎత్తుకుని కూర్చుంది.

"తిడతాను, ఎక్కడికి పోతాను," అన్నాను. "ముందు పిల్లకి ఏం పట్టాలో చెప్పండి. ప్యాకెట్ పాలు కక్కేస్తోంది."

ఆమె బకెట్ పక్కన పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రాగులు నానబెట్టు. రుబ్బి, పల్చటి గుడ్డలో వడపోసి, ఆ పాలు కాచి జావ చెయ్యి. పల్చగా. కాస్త తాటిబెల్లం." లేచింది. "నేను గుమ్మం దగ్గర నిలబడి చెప్తాలే. లోపలికి రాను."

గుమ్మం అవతల నించి ఆమె చెప్తుంటే నేను కాచాను. మంట తగ్గించు, అడుగంటుతోంది, ఊది పట్టు, చిన్న చెంచా తీసుకో అని ఒకటే అజమాయిషీ. మామూలు రోజైతే ఒళ్ళు మండిపోయేది. జున్ను జావ తాగింది. కక్కలేదు. సర్దిన బ్యాగులోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టాను.

మూడు వారాలూ దాటిపోయాయి. డాక్టర్ గారు ఇంకోసారి పెట్టె పెట్టి చూసి, ఇక పాపని ఎత్తుకోవచ్చమ్మా అన్నారు. అత్తమ్మ ఎత్తుకోలేదు. వరండా వదల్లేదు. సుద్దగీత చెరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దేది. తొలకరి వాన ఏటవాలుగా కొట్టి వరండా అంతా తడిపేసిన రోజు ఆ గీత కొట్టుకుపోయింది. జున్ను అప్పటికి నాలుగడుగులు వేస్తోంది. తూలుకుంటూ, తడిలో పాదాలు చప్పుడు చేసుకుంటూ దాదీ వైపు పోయింది. ఆమె వెనక్కి జరిగి, జరిగి, గోడకి ఆనుకుపోయింది.

"అత్తమ్మా, ఇక పర్వాలేదన్నారు కదా!"

"ఇలా చేస్తే పర్వాలేదని అప్పుడూ చెప్పారుగా."

పిల్లని ఎత్తి తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పడేశాను, అంతే. పడేసి, లేవకుండా పక్కనే కూర్చున్నాను.

చాలాసేపు చేతులు రెండూ గాలిలో పెట్టుకుని ఉండిపోయింది. తర్వాత ఒక చెయ్యి దిగింది. తల మీద పెట్టలేదు, బుగ్గ పుణకలేదు. రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి, మెల్లగా, ఈ పక్క నించి ఆ పక్కకి తడిమింది.

"ఏమన్నా తగిలిందా?" అన్నాను.

"నాకేం తెలుస్తుందే? మెత్తగా ఉంది." అప్పుడు కావలించుకుంది. జున్ను ఊపిరాడక గింజుకునేంత గట్టిగా కావలించుకుంది.

తడికలు ఇంకా బచ్చలి చుట్టూనే ఉన్నాయి. అక్కడ ఇప్పుడు ఏమీ లేదని డాక్టర్ గారు చెప్పారు, నాకూ తెలుసు. అయినా ఆ ఆకు మేమెవరం కొయ్యం. స్నానానికి సైఫుల్లా రేకులు కట్టించాడు. మొదటి రక్తపరీక్ష బాగానే వచ్చింది, రెండోది ఈ ఏడు చేయించాలి. ఆ తర్వాత మూడోది. స్నానం చేయిస్తూ నేను రోజూ తడుముతాను. ముద్దు పెట్టేముందు వాళ్ళ దాదీ రోజూ తడుముతుంది. జున్నుకి ఇప్పుడు మాటలు వచ్చాయి, పరుగులు వచ్చాయి. దాదీ చేతులు చాచితే పరుగెత్తుకుంటూ పోయి ఎదురుగా నిలబడి, ఎవరూ అడగకుండానే గడ్డం పైకెత్తుతుంది.